బాప్తిస్మం అంటే ముంచడమేనా? ఒక మాట పుట్టుక, ఒక తగవు

తెలుగు క్రైస్తవులు ఒకే సంస్కారాన్ని రెండు పేర్లతో పిలుస్తారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో అది బాప్తిస్మం, కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) జ్ఞానస్నానం. మొదటిది గ్రీకు మాట. చివర ఒక ‘ము’ తగిలించుకొని తెలుగులోకి వచ్చేసింది. రెండోది సంస్కృత సమాసం. రెండూ ఒకే క్రియకు పేర్లే అయినా, వాటి చుట్టూ సాగే వాదం మాత్రం మొదటి మాట మీదే ఎక్కువ. ఆ వాదం ఇలా ఉంటుంది: ‘గ్రీకులో బాప్తిజో అంటే ముంచడం. కాబట్టి నీళ్లు పోసినా, చిలకరించినా అది బాప్తిస్మం కాదు.’

ఇందులో మొదటి వాక్యం చాలావరకు నిజం. చిక్కంతా ‘కాబట్టి’ దగ్గరే ఉంది. ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన, తర్వాతి వాళ్లు దాన్ని ఏ అర్థంలో వాడారో తేలిపోదు. ఆ రెండింటినీ విడివిడిగా చూడాలి.

గ్రీకులో ముందు పుట్టింది ‘బాప్తో’. ముంచి తీయడం, రంగులో అద్దడం దాని అర్థాలు. బట్టల అద్దకం పనివాళ్ల మాట ఇది. కొత్త నిబంధనలో ఇది కొద్ది చోట్లే కనిపిస్తుంది. యోహాను 13:26లో యేసు ముక్క ముంచి ఇవ్వడం, లూకా 16:24లో వేలికొనను నీళ్లలో ముంచమని ధనవంతుడు బతిమాలడం, ప్రకటన 19:13లో రక్తంలో ముంచిన వస్త్రం. సంస్కారం గురించి చెప్పేటప్పుడు మాత్రం కొత్త నిబంధన ఈ మాటను ఒక్కసారి కూడా వాడలేదు.

అక్కడ వాడింది దీని నుంచే పుట్టిన ‘బాప్తిజో’. ఇది మరింత బరువైన మాట. పాలిబియస్, జోసీఫస్ లాంటి చరిత్రకారులు ఓడలు మునిగిపోవడం గురించి రాసేటప్పుడు ఈ క్రియనే వాడారు. ప్లేటో రాసిన సింపోజియం అనే సంభాషణలో నాటకకర్త అరిస్టోఫనీస్ నిన్న రాత్రి తాగినవాళ్లలో తానూ ఒకణ్ణని చెప్పుకుంటూ, వైన్‌లో ‘బాప్తిజో’ అయినవాణ్ణి అంటాడు. తర్వాత రోమా చక్రవర్తి అయిన ఓథో అప్పుల్లో పీకలదాకా కూరుకుపోవడం గురించి గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిందీ ఇదే మాటతో. తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అప్పుల్లో మునిగాడు, మత్తులో మునిగాడు, పనిలో మునిగిపోయాడు అని మనమూ అంటూనే ఉన్నాం.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. మునిగిన ఓడ పైకి రాదు. ‘బాప్తో’లో ముంచి తీయడం ఉంది గానీ, ‘బాప్తిజో’లో పైకి లేపడం లేదు. ‘బాప్తిస్మం అంటే ముంచి లేపడం’ అని చెబుతుంటారు కదా, అందులో ‘లేపడం’ నిఘంటువు నుంచి వచ్చింది కాదు. కొలొస్సయి 2:12లో పౌలు ఈ సంస్కారాన్ని క్రీస్తుతో పాతిపెట్టబడటంగా, ఆయనతో లేపబడటంగా చెప్పాడు. లేపడం అక్కణ్ణుంచి వచ్చింది. అంటే ముంచాలని గట్టిగా వాదించేవాళ్లు కూడా మాట ఒక్కదాని మీదే నిలబడి లేరు. వేదాంతాన్ని కూడా కలుపుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అలా కలుపుతున్నామన్న ఎరుక ఉండాలి.

యూదుల పాత నిబంధనకు వచ్చిన గ్రీకు అనువాదంలో, సెప్టువజింట్‌లో, ఈ క్రియ నాలుగు చోట్ల ఉంది. రెండో రాజులు 5:14లో నయమాను యొర్దానులో ఏడుసార్లు మునగడం వీటిలో అందరికీ తెలిసినది. యెషయా 21:4లో భయం ఆవరించడం అన్న చోట గ్రీకు అనువాదకుడు ‘అధర్మం నన్ను ముంచేస్తోంది’ అని రాశాడు. అక్కడ నీళ్లే లేవు. మిగతా రెండూ ప్రొటెస్టెంట్ బైబిల్లో లేని పుస్తకాల్లోవి: యూదితు 12:7, సీరా 34:25. ఈ రెండూ శుద్ధి కోసం కడుక్కోవడం గురించినవి. ముఖ్యంగా సీరా మాట శవాన్ని ముట్టుకున్నాక చేసే శుద్ధి గురించి. యేసు కాలానికి ముందే ‘ముంచు’ అన్న మాట మతాచారాల్లో ‘కడుగు’, ‘శుద్ధి చేయి’ అన్న అర్థం వైపు జరుగుతోందని వీటిని బట్టి తెలుస్తుంది.

ఆ జరుగుబాటు లూకా 11:38లో ఇంకా బాగా కనిపిస్తుంది. యేసు భోజనానికి ముందు ‘బాప్తిజో’ చేసుకోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపోయాడు. ఎవరి ఇంటికో భోజనానికి వెళ్లిన అతిథి అక్కడ ఒళ్లంతా మునిగి రావాలని ఎవరూ అనుకోరు. ఇక్కడి సంగతి మార్కు 7వ అధ్యాయం వివరించే చేతులు కడుక్కునే ఆచారమే. ముంచడమే సరి అనేవాళ్లు దీనికి జవాబు చెబుతారు: చేతుల్ని నీళ్లలో ముంచేవారు కదా అని. సరే, కానీ అప్పుడు ‘మనిషిని బాప్తిజో చేశారు’ అంటే ఒళ్లంతా ముంచారనే అర్థం తప్పనిసరి కాదని వాళ్లే ఒప్పుకున్నట్టవుతుంది. మార్కు 7:4లో గిన్నెలు, కుండలు, ఇత్తడి పాత్రలు కడగడానికి వాడిన నామవాచకం ‘బాప్తిస్మోస్’. తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఈ చర్చంతా కనిపించకపోవడానికి కారణం ఉంది. మన అనువాదకులు ఈ చోట్ల ‘స్నానము’, ‘కడుగుట’ అని రాసి, సంస్కారం వచ్చిన చోట మాత్రమే ‘బాప్తిస్మము’ అని రాశారు. గ్రీకులో రెండు చోట్లా ఉన్నది ఒకే కుటుంబం మాట.

ఇదే ‘బాప్తిస్మోస్’ హెబ్రీ పత్రికలో రెండుసార్లు వస్తుంది. 9:10లో తెలుగు అనువాదం దాన్ని ప్రక్షాళనములు అంటే, 6:2లో బాప్తిస్మములు అంటుంది. ఒకే రచయిత, ఒకే మాట, తెలుగులో రెండు రూపాలు. సంస్కారానికి కొత్త నిబంధన ఎక్కువగా వాడేది దీనికి తోబుట్టువైన ‘బాప్తిస్మా’. ఈ రూపం క్రైస్తవుల రాతలకు ముందు ఎక్కడా దొరకదు. యేసుకు బాప్తిస్మమిచ్చిన స్నాపక యోహాను గురించి రాసిన యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ‘బాప్తిసిస్’, ‘బాప్తిస్మోస్’ అన్నాడు తప్ప ‘బాప్తిస్మా’ అనలేదు. అంటే క్రియ పాతదే గానీ, మన తెలుగు మాటకు తల్లి అయిన నామవాచకం మొదటి నుంచీ క్రైస్తవుల పారిభాషిక పదమే. ఒక మాట పారిభాషిక పదమయ్యాక దాని అర్థాన్ని మూలధాతువు ఒక్కటే నిర్ణయించదు.

అలంకారంగా వాడిన చోట్లూ తక్కువేం కాదు. మార్కు 10:38లో యేసు పొందబోయే బాప్తిస్మం ఆయన శ్రమలే. 1 కొరింథీ 10:2లో ఇశ్రాయేలీయులు మేఘంలోను సముద్రంలోను బాప్తిస్మం పొందారని పౌలు అంటాడు. నిర్గమకాండం ప్రకారం వాళ్లు ఆరిన నేల మీద నడిచి వెళ్లారు, నిండా మునిగింది ఐగుప్తు సైన్యం! అపొస్తలుల కార్యాలు 1:5లో ఆత్మలో బాప్తిస్మం అని చెప్పినదాన్నే రెండో అధ్యాయంలో ‘కుమ్మరించడం’ అన్నారు. వీటిని చూపించి ‘చూశారా, ముంచడం కాదు, పోయడమే’ అని తేల్చేయడం మళ్లీ ఇటువైపు వాళ్లు చేసే తొందరపాటు. అలంకారాన్ని పట్టుకొని నీళ్ల కొలత చెప్పలేం.

మాటను పక్కన పెట్టి చేసే పద్ధతి చూస్తే, దాని నేపథ్యం యూదుల శుద్ధి స్నానం. దానికి కట్టిన గుండాన్ని మిక్వే అంటారు. అందులో కనీసం 40 సేయాల నీళ్లుండాలి. సేయా అన్నది పాత యూదుల కొలత. ఆ కొలత ఎంతన్నదానిపై రబ్బీల లెక్కలు వేరువేరు. తక్కువ లెక్క వేసినా 300 లీటర్లకు పైమాటే. నీళ్లు చేదిపోసినవి కాకూడదు, వానవి గానీ ఊటవి గానీ తమంతట తాముగా చేరాలి. వెంట్రుకతో సహా ఒళ్లంతా నీళ్ల కిందికి పోవాలి. ఉంగరం, కట్టు, అంటుకున్న మైనం లాంటివి ఒంటికీ నీళ్లకూ మధ్య అడ్డం ఉంటే ఆ స్నానం చెల్లదు. ఇక్కడ మనిషి తనంతట తానే మునుగుతాడు, పక్కన ఉన్నవాళ్లు చూసి సాక్ష్యం చెబుతారు. యోహాను దగ్గర మారింది ఇదే. అక్కడ ఇంకొకరు ముంచుతారు. ఆయనకు ఆ బిరుదు అందుకే వచ్చింది. ప్రొటెస్టెంట్ బైబిలు ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ అంటే, కతోలికులు ‘స్నాపక యోహాను’ అంటారు. స్నానం చేయించేవాడని దాని అర్థం. నా దృష్టిలో తెలుగు క్రైస్తవ పదాల్లో చక్కగా కుదిరిన వాటిలో ఇదొకటి.

తొలి సంఘాలు నిజంగా ఏం చేసేవో చెప్పే రాత డిడాకే. మొదటి శతాబ్దం చివర గానీ రెండో శతాబ్దం మొదట్లో గానీ రాసిన చిన్న నియమావళి ఇది. దీని ప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. అందులో ఏడో అధ్యాయం మొత్తం ఈ సంస్కారం గురించే. ముందు పారే నీళ్లలో ఇవ్వాలి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో. చల్లటివి కుదరకపోతే వెచ్చటివి. రెండూ తగినన్ని లేకపోతే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పోయాలి. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ముందుగా ఉపవాసం ఉండాలి, పుచ్చుకునేవాళ్లకు ఒకటి రెండు రోజులు తప్పనిసరి. ఈ వరసను బట్టి చూస్తే ముంచడమే మొదటి ఎంపిక, అందులో అనుమానం అక్కర్లేదు. కానీ పోసినదాన్ని కూడా అదే పేరుతో పిలిచారు. గ్రీకు మాతృభాషగా మాట్లాడేవాళ్లు, అపొస్తలుల తర్వాతి తరంవాళ్లు, తల మీద పోసిన మూడు చెంబుల నీళ్లకు ‘బాప్తిజో’ అనడానికి వెనకాడలేదు. ‘మాట అర్థమే ముంచడం’ అన్న వాదనకు ఇంతకంటే గట్టి ఎదురు నాకు కనిపించలేదు.

మూడో శతాబ్దంలో మంచం పట్టినవాళ్లకు పడక మీదే నీళ్లు పోసి ఇచ్చేవారు. అది పూర్తి బాప్తిస్మమేనా అని అడిగినవాళ్లకు కార్తేజ్ బిషప్పు సిప్రియన్ పూర్తిదే అని జవాబు రాశాడు. ఎన్నిసార్లు ముంచాలన్నదాని మీదా గొడవలు జరిగాయి. సాధారణంగా మూడుసార్లు. స్పెయిన్‌లో ఏరియన్లు (కుమారుడు తండ్రితో సమానుడు కాడనేవాళ్లు) మూడుసార్లు ముంచడాన్ని తమ సిద్ధాంతానికి వాడుకుంటున్నారని 633 నాటి నాలుగో టొలేడో సభ ఒక్కసారే ముంచాలని నిర్ణయించింది. 13వ శతాబ్దంలో కూడా కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ ముంచడమే ఎక్కువ వాడుకలో ఉంది కాబట్టి అదే నయమని, పోయడమూ చిలకరించడమూ చెల్లుతాయని రాశాడు. పశ్చిమంలో పోయడం మామూలైపోయింది ఆ తర్వాతే. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ చంటిపిల్లల్ని సైతం మూడుసార్లు ముంచుతాయి. ‘ముంచడం పెద్దలకు, పోయడం పిల్లలకు’ అన్న మన దగ్గరి లెక్క అక్కడ పనిచేయదు.

ఇప్పుడు తెలుగు మాట సంగతి. ‘రాజు జేమ్స్ ముంచడం అన్న అర్థం బయటపడకుండా గ్రీకు మాటను అలాగే ఉంచమన్నాడు, ఆ దారిలోనే తెలుగులోనూ బాప్తిస్మం అని పెట్టారు’ అనే కథ ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. ఇది నిలవదు. ఆ మాట ఇంగ్లీషులోకి పాత ఫ్రెంచి ద్వారా వచ్చి, జేమ్స్ చేయించిన 1611 ఇంగ్లీషు బైబిలు నాటికే కొన్ని శతాబ్దాలుగా వాడుకలో ఉంది. కొత్త నిబంధనను ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్ 1526లో వాడిందీ అదే. లాటిన్ అయితే రెండో శతాబ్దం నుంచే గ్రీకు మాటను అరువు తెచ్చుకుంది. 1611 అనువాదకులకు ఇచ్చిన నియమం పాత సంఘపదాల్ని మార్చొద్దని. వాళ్ల ముందుమాటలో ఎత్తిచూపింది కూడా ప్యూరిటన్లు (ఇంగ్లండు సంఘాన్ని ఇంకా సంస్కరించాలనేవాళ్లు) బాప్తిస్మం బదులు ‘కడగడం’ అని పెట్టడాన్ని. ‘ముంచడం’ ఊసే అందులో లేదు.

అసలు ఈ మాటను అనువదించాలా, అలాగే ఉంచాలా అన్నది ప్రతి భాషకూ వచ్చిన చిక్కే. నాలుగో శతాబ్దపు గోతిక్ బైబిలు ముంచడం, లోతు అనే అర్థాలున్న మాటను ఎంచుకుంది. జర్మన్‌లో ఇప్పుడున్న ‘టౌఫెన్’ ఆ కుటుంబందే. అయినా ఆ మాటే వాడుతూ జర్మన్ లూథరన్లు పిల్లల తల మీద నీళ్లు పోస్తున్నారు. ముంచడం అనే అర్థమున్న మాట ఉన్నా ఆచారం మారలేదన్నమాట. రష్యన్ మాటలో నీళ్లే లేవు, అది సిలువ అన్న పదంతో ముడిపడింది. మలయాళంలోని మామోదీసా సిరియాక్ నుంచి వచ్చింది. చైనీసులో ‘కడుగు’ అనే అచ్చూ, ‘ముంచు’ అనే అచ్చూ విడివిడిగా వేశారు. ఒకే బైబిలు, ఆ ఒక్క మాట తేడాతో.

మన దేశానికి సంబంధించిన గొడవ 19వ శతాబ్దంలో జరిగింది. బెంగాలీ బైబిలులో బాప్టిస్టు అనువాదకులు ముంచడం అనే అర్థమిచ్చే మాట పెట్టారు. అన్ని శాఖల విరాళాలతో నడిచే బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ దానికి డబ్బు ఇవ్వనంది. అందరూ ఒప్పుకునే మాట కావాలి, లేదా గ్రీకు మాటే ఉంచాలి అన్నది వాళ్ల షరతు. బాప్టిస్టులు 1840లో వేరే అనువాద సంఘం పెట్టుకున్నారు. బర్మా భాషలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జడ్సన్ చేసిన అనువాదం, ఈ బెంగాలీ అనువాదం కారణంగా అమెరికాలోనూ 1836లో ఇలాగే చీలిక వచ్చింది. కాబట్టి ‘బాప్తిస్మము’ అనే అరువు మాట ఒకరి కుట్ర కాదు, రాజీ. ఎవరి పద్ధతిలో వాళ్లు చేసుకుంటూ ఒకే పుస్తకం చదువుకోవడానికి అది వీలు కల్పించింది. రాజీకి ఒక ధర ఉంది: చదివేవాడికి ఆ మాటలో నీళ్ల చప్పుడు వినిపించదు. పైగా గ్రీకులో ఒక్క క్రియగా ఉన్నది తెలుగులో ‘బాప్తిస్మమిచ్చు’, ‘బాప్తిస్మము పొందు’, ‘బాప్తిస్మం తీసుకొను’ అని ఇచ్చిపుచ్చుకునే వస్తువులా తయారైంది.

జ్ఞానస్నానంలో నీళ్లున్నాయి, కానీ ‘జ్ఞానం’ చాలామందిని తికమక పెడుతుంది. చదువుకీ తెలివికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. తమిళంలో క్రైస్తవులు ‘జ్ఞాన’ అన్న మాటను ‘ఆత్మసంబంధమైన’ అన్న అర్థంలో వాడారు. 17వ శతాబ్దంలో మదురై ప్రాంతంలో పనిచేసిన జెస్విట్ల (ఒక కతోలిక సభకు చెందిన మిషనరీల) రాతల్లో ఇలాంటి సమాసాలు స్థిరపడ్డాయి. కతోలికులు సంస్కారంలో పూచీ నిలిచేవాళ్లను జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి అంటారు. అక్కడా అర్థం ఆత్మీయ తండ్రి, ఆత్మీయ తల్లి అనే. కాబట్టి జ్ఞానస్నానం అంటే ఆత్మసంబంధమైన స్నానం. ‘బైబిల్లో లేని మాట’ అని దీన్ని తీసిపారేయడమూ సరికాదు. తీతు 3:5లో పునర్జన్మ సంబంధమైన స్నానం అనే ఉంది. ఇక రెండో శతాబ్దంలో క్రైస్తవ రచయిత జస్టిన్ ఈ సంస్కారానికి ‘వెలిగింపు’ అని పేరున్నట్టు రాశాడు, పుచ్చుకున్నవాళ్ల మనసు వెలుగుతుందని. ఆ లెక్కన ‘జ్ఞానం’ అన్న ధ్వని కూడా పాతదానికి దూరం కాదు.

పేరు ఏదైనా, చేసేటప్పుడు చూడవలసినవి నాలుగు: నీళ్లు, నీళ్ల కదలిక, పలికే మాట, చేసేవాడి ఉద్దేశం. కతోలిక సంఘం వీటి మీద చాలా కేసులు తేల్చింది కాబట్టి లెక్కలు అక్కడే స్పష్టంగా దొరుకుతాయి.

నీళ్లంటే నిజమైన నీళ్లు: బావివి, ఏటివి, వానవి, సముద్రానివి, కుళాయివి ఏవైనా సరే. పాలు, నూనె, ఉమ్మి చెల్లవు. నార్వేలో నీళ్లు దొరక్క కొందరు పిల్లలకు బీరుతో ఇచ్చారని అక్కడి ఆర్చిబిషప్పు అడిగితే, అది చెల్లదని 1241లో పోప్ తొమ్మిదో గ్రెగరీ జవాబిచ్చాడు. మామూలుగా దీవించిన నీళ్లే వాడతారు. ప్రాణాపాయంలో మాత్రం దీవించనివైనా చాలు.

పోసే పద్ధతిలో నీళ్లు తల చర్మాన్ని తాకి పారాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఒత్తయిన జుట్టు మీద నాలుగు చుక్కలు పడి వెంట్రుకల్లోనే ఆగిపోవడం ఒకటి. తడి బొటనవేలితో నుదుట సిలువ గుర్తు వేసి, నీళ్లు పోయడం అయిపోయిందనుకోవడం ఇంకొకటి. ఒకరు నీళ్లు పోస్తుంటే మరొకరు మాటలు చెప్పడం మూడోది. పోసేవాళ్లూ పలికేవాళ్లూ ఒక్కరే అయి ఉండాలి, రెండూ ఒకేసారి జరగాలి. తండ్రి అన్నప్పుడు ఒకసారి, కుమారుడు అన్నప్పుడు ఒకసారి, పరిశుద్ధాత్మ అన్నప్పుడు ఒకసారి. పసిబిడ్డనైతే తల కొంచెం కిందికి ఉండేలా పట్టుకొని, నుదుటి నుంచి వెనక్కి పారేలా పోస్తారు. అలా పోస్తే కళ్లలోకి, ముక్కులోకి నీళ్లు పోవు.

ప్రొటెస్టెంట్ సంఘాల ముంచే పద్ధతిలో నీళ్లు నడుము దాకా ఉంటే సరిపోతుంది. మరీ లోతైతే పాదాలు నేల మీద సరిగా ఆనవు, తక్కువైతే వెనక్కి వాల్చినప్పుడు మోకాళ్లు పైకి లేస్తాయి. పుచ్చుకునే మనిషి రెండు చేతులూ గుండె మీద కట్టుకుంటాడు, లేదా ముక్కు పట్టుకుంటాడు. పాస్టరు ఒక చెయ్యి ఆ చేతుల మీద, ఇంకో చెయ్యి వీపు పైభాగాన, మెడకు దగ్గరగా వేస్తాడు. నడుము దగ్గర పట్టుకుంటే బరువంతా తల వైపు వాలి పట్టు జారుతుంది. మోకాళ్లు కాస్త వంచమని ముందే చెప్పాలి. బిగుసుకుపోయి నిటారుగా నిలబడ్డ మనిషిని వాల్చడం కష్టం. మాటలన్నీ వాల్చే ముందే పూర్తిచేసి, ముంచి వెంటనే లేపుతారు. ఏట్లో అయితే ముందురోజే దిగి అడుగున గుంటలున్నాయేమో చూసుకోవాలి. తొట్టిలో అయితే కరెంటు సంగతి చూసుకోవాలి. 2005లో అమెరికాలోని వేకోలో ఒక పాస్టరు తొట్టి నీళ్లలో నిలబడి మైకు సర్దుకోబోయి కరెంటు షాక్‌తో చనిపోయాడు. నీళ్లలో ఉన్నవాళ్ల చేతికి వైరున్న మైకు ఇవ్వకూడదు, నీళ్లు కాచే హీటరు ప్లగ్గు తీసేశాకే దిగాలి.

అపొస్తలుల కార్యాలు 2:41లోని మూడు వేలమందిని ఒక్క రోజులో ముంచడం ఎలా కుదురుతుందన్న పాత ప్రశ్నకు జవాబు తెలుగునేల మీదే ఉంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏట్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 2,222 మందికి ముంచి బాప్తిస్మమిచ్చారు. ఇచ్చిన బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసినప్పుడు మారుతూ పని కానిచ్చారు. యెరూషలేములో అలాగే జరిగిందని ఇది రుజువు చేయదు. జరగడం అసాధ్యం కాదని మాత్రం తేలుస్తుంది.

ఇక పలికే మాట. మత్తయి 28:19 ‘నామములోనికి’ అంటుంది. ఈ ‘లోనికి’ తెలుగులో ఎబ్బెట్టుగా అనిపిస్తుంది గానీ, గ్రీకు విభక్తిని ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. ఆ కాలపు గ్రీకు లావాదేవీల కాగితాల్లో ‘ఫలానా వాడి పేరులోనికి’ అంటే సొమ్ము అతడి ఖాతాకు చేరడం. మనం ‘పేరు మీదికి మార్చడం’ అంటాం కదా, అలాంటిది. అపొస్తలుల కార్యాలు 2:38లో ‘యేసుక్రీస్తు నామమున’ అని ఉంది. దాన్ని బట్టి కొన్ని పెంతెకొస్తు సంఘాలు యేసు నామం ఒక్కటే పలుకుతాయి. కతోలిక, ఆర్థడాక్స్, ఎక్కువ ప్రొటెస్టెంట్ సంఘాలు ముగ్గురి పేర్లూ లేనిదాన్ని ఒప్పుకోవు.

ముగ్గురినీ పేర్కొన్నా అన్నీ చెల్లవు. ‘సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచువాడు’ అని పేర్లు మారిస్తే చెల్లదని వాటికన్ 2008లో చెప్పింది. ‘నేను’ బదులు ‘మేము నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాం’ అంటే చెల్లదని 2020 ఆగస్టులో ప్రకటించింది. కుటుంబమంతా కలిసి ఇస్తున్నట్టు ఉంటుందని కొందరు గురువులు (కతోలిక ఫాదర్లు) ఆ మాట మార్చారు. ఫలితంగా కొన్ని చోట్ల వేలమంది మళ్లీ పుచ్చుకోవలసి వచ్చింది. 746లో బవేరియాలో లాటిన్ సరిగా రాని ఒక గురువు విభక్తులు తప్పుతూ ‘ఇన్ నోమినే పాట్రియా ఎత్ ఫిలియా’ అని పలికాడు. ఆ పలుకులకు అక్షరాలా అర్థం చూస్తే తండ్రి పోయి దేశం, కుమారుడు పోయి కూతురు వచ్చారు! పోప్ జకరియాస్ మాత్రం అది చెల్లుతుందనే అన్నాడు. తేడా ఎక్కడుందంటే, ఆ గురువు సంఘం చెప్పినదే చెప్పబోయి నోరు జారాడు. 2020 నాటివాళ్లు కావాలనే మార్చారు. ఆర్థడాక్స్ గురువు అసలు ‘నేను’ అనే అనడు, ‘దేవుని సేవకుడు ఫలానావాడు బాప్తిస్మం పొందుతున్నాడు’ అంటాడు. అది మొదటి నుంచీ ఆ సంఘం మాట కాబట్టి రోము కూడా దాన్ని ఒప్పుకుంటుంది.

సంఘం మారినప్పుడు ఏమవుతుందన్నది చాలామందికి అక్కరకు వచ్చే ప్రశ్న. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మెథడిస్టు సంఘాల్లో ముగ్గురి పేర్లతో, నీళ్లతో పుచ్చుకున్నవారు కతోలికులైతే మళ్లీ ఇవ్వరు, పాత సర్టిఫికెట్టు చాలు. అసలు జరిగిందో లేదో, సరిగా జరిగిందో లేదో నిజంగా అనుమానముంటేనే ‘నీవు ఇదివరకు పొంది ఉండకపోతే’ అన్న షరతుతో ఇస్తారు. బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకొస్తువారు పసితనంలో పోసినదాన్ని లెక్కలోకి తీసుకోరు. దాన్ని ‘మళ్లీ ఇవ్వడం’ అంటే వాళ్లకు నచ్చదు, మొదటిది కానేకాదంటారు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో మొదలైన వర్గానికి ఎదుటివాళ్లు పెట్టిన ‘ఎనబాప్టిస్టు’ అన్న పేరుకు అర్థమే ‘మళ్లీ బాప్తిస్మమిచ్చేవాళ్లు’. తమాషా ఏమిటంటే, వాళ్ల మొదటి బాప్తిస్మాలు నీళ్లు పోసి ఇచ్చినవే. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి ఇంగ్లీషు బాప్టిస్టు సంఘం పెట్టిన జాన్ స్మిత్ కూడా ముంచలేదు. ఇంగ్లీషు బాప్టిస్టులు ముంచడాన్ని తమ విశ్వాస ప్రకటనలో రాసుకున్నది 1644లో. వాళ్ల మొదటి తగవు ఎంత నీళ్లలో అన్నది కాదు, ఎవరికి ఇవ్వాలన్నది.

ఆస్పత్రిలో ప్రాణం మీదికి వచ్చిన బిడ్డకు నర్సు గానీ తల్లి గానీ, చివరికి క్రైస్తవేతరులు గానీ, సంఘం ఉద్దేశించినదే చేస్తున్నానన్న మనసుతో నీళ్లు పోసి ఆ మాటలు చెబితే కతోలిక లెక్కలో అది పూర్తి జ్ఞానస్నానం. బిడ్డ బతికితే గుడిలో తైలం, తెల్లబట్ట, కొవ్వొత్తి లాంటి మిగతా భాగాలు జరిపిస్తారు, నీళ్లు మళ్లీ పోయరు. అలా ఇచ్చినవాళ్లు తేదీ, వాడిన మాటలు, చూసిన సాక్షి పేరు రాసి వెంటనే విచారణ గురువుకు అందజేయాలి. రిజిస్టరులో ఎక్కకపోతే పెళ్లి నాటికి చిక్కులొస్తాయి. ఎందుకంటే కతోలికుల పెళ్లి వివరం కూడా తిరిగి వచ్చి ఆ జ్ఞానస్నానం వరసలోనే నమోదవుతుంది. పెళ్లికి పాత సర్టిఫికెట్టు జిరాక్సు కాకుండా కొత్తగా తీసిన ప్రతి తెమ్మని అడిగేది, ఆ వరసలో ఇంకేమైనా రాసి ఉందేమో చూడటానికే.